షుగర్ బాధితులు

నాంపల్లి స్టేషన్ బయట చాయ్ తాగుతూ కిష్టవ్వ సర్కారును తిట్టడం మొదలుపెట్టింది. చాయ్ అయిపోయింది గానీ తిట్లు అయిపోలేదు. పక్కన భూమయ్య ఉస్మానియా బిస్కెట్ ముంచుకుని తింటూ, ఎవరైనా వింటున్నారేమోనని అటూ ఇటూ చూస్తున్నాడు. అతను ఆమెకు వరసకు మరిది. ఊళ్లో చక్కెర ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లూ బాయిలర్ దగ్గర పనిచేశాడు. మనిషికి భయమెక్కువ. ఆఫీసు గుమ్మం కనపడితే చాలు చెప్పులు విడిచేస్తాడు.

"జర మెల్లగ, వదినె. గాడ పోలీసోళ్లున్నరు."

"ఉంటె ఉండనీ. నేనేమన్న దొంగతనం చేసిన్నా? చాయ్‌ల చక్కెర ఏడికెళ్లి వస్తదో వాళ్లకు గూడ తెల్వాలె."

ఆమె కోపానికి కారణం లేకపోలేదు. పోయిన ఎండాకాలం వాళ్ల నడిమెట్ల ఫ్యాక్టరీకి తాళం పడింది. యాజమాన్యం నష్టమంది, సర్కారు అయ్యో అంది, ఇద్దరూ చేతులు దులుపుకున్నారు. అప్పటికే నాటిన చెరకు మాత్రం ఈ కబుర్లేవీ చెవిన పెట్టకుండా దాని మానాన అది పెరిగింది. ఇప్పుడు కిష్టవ్వ రెండెకరాల్లో నిలువెత్తు చెరకు కోతకొచ్చి నిలబడి ఉంది. పక్క జిల్లాలో ముత్తారం ఫ్యాక్టరీవాళ్లు తీసుకుంటామనే అంటున్నారు. అయితే ఒక ఫ్యాక్టరీ కింద రాసి ఉన్న ఊరి చెరకు ఇంకో ఫ్యాక్టరీకి పోవాలంటే నాంపల్లి ఆఫీసు కాగితం కావాలట. ఆ కాగితం లేకుండా లారీవాడు కదలడు, ముత్తారంలో కాంటా మీదికి రానివ్వరు.

చెరకుకు పూత కూడా వచ్చేసింది. ఇంకొన్నాళ్లు పోతే గడలో రసం ఇంకి బెండు పడుతుంది. బెండుపడ్డ చెరకు పొయ్యిలోకి తప్ప ఎందుకూ పనికిరాదు. ఊళ్లో సగం మంది తిరిగి తిరిగి విసిగి చేలకు నిప్పు పెట్టేశారు. తన చేను కూడా అలా పోతే కిష్టవ్వ పొలం ఎవరికో కౌలుకిచ్చి, ఆడబిడ్డ లాగా బషీర్‌బాగ్ అపార్ట్‌మెంట్లలో అంట్లు తోముకోవాలి. ఆడబిడ్డ ఫోన్ చేసినప్పుడల్లా ఇంకో రెండిళ్లు ఖాళీ ఉన్నాయి, వచ్చేయమంటోంది. పాపం మంచికే అంటోంది. ఆ మాట వింటే కిష్టవ్వకు మాత్రం అన్నం సహించదు.

మరి సర్కారు సాయం చేయలేదా అంటే, చేసింది. అదే అసలు బాధ.

మొదట్లో ఆ సాయానికి "మూతపడిన చక్కెర కర్మాగార పరిసర గ్రామాల ఆసరా పథకం" అని పేరు పెట్టారు. చెరకును వేరే ఫ్యాక్టరీకి పంపే కాగితం కూడా దాని కిందే ఇస్తామన్నారు. పేరు ఫ్లెక్సీ మీద పట్టలేదు. అందుకని నాంపల్లి ఆఫీసు సూపరింటెండెంట్ వరప్రసాద్ దాన్ని కుదించి "షుగర్ బాధిత గ్రామాల ఆసరా పథకం" చేశాడు. ఆ ఫైలును ఆఫీసులో అందరూ షుగర్ ఫైలనే అంటారు. ఊళ్లో కూడా ఫ్యాక్టరీని షుగర్ అనే అనేవారు. పిల్లగాడు షుగర్‌ల పనిచేస్తడంటే చాలు, సంబంధాలు ఇంటికి నడిచొచ్చిన రోజులున్నాయి. కాబట్టి ఆ పేరులో ఎవరికీ ఏ తప్పూ కనిపించలేదు. అదే పేరుతో ఫైలు పైకి వెళ్లింది. పైన కూర్చున్న మహానుభావులకు తెలిసిన షుగర్ ఒక్కటే, పొద్దున్నే పరగడుపున వేలు గుచ్చి చూసుకునేది. అయ్యో పాపం, ఊళ్లకు ఊళ్లే షుగర్‌తో బాధపడుతున్నాయా అని వాళ్లు చలించిపోయారు. సర్కారు చలిస్తే ఏమవుతుందో ఆ తర్వాత నడిమెట్ల జనం చూశారు.

ముందు వ్యాన్లు వచ్చాయి. ఊరందరి వేళ్లూ గుచ్చాయి. తర్వాత ఒకమ్మాయి వచ్చి కొర్రన్నం వండి చూపించి పోయింది. చేలకు పోతున్న ఆడవాళ్లను ఆపి రోజూ అరగంట నడిస్తే ఆరోగ్యమని ఇంకొకాయన బోధించాడు. చివరికి చెరకు బండ్లు పోయే బాట మీద ఎర్ర టైల్స్ పరిచి, వాకింగ్ ట్రాక్ అని బోర్డు పెట్టి, బండ్లు పోరాదని అడ్డంగా గొలుసు కట్టారు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నాడట వెనకటికొకడు. వీళ్లు ఆ దూడకు కొట్టం కూడా కట్టించారు. ఇది మేం చెప్పిన షుగర్ కాదు మొర్రో అని మండలంలో మొత్తుకుంటే, జీవోలో ఇదే ఉంది, ఏదన్నా ఉంటే నాంపల్లి పోయి చెప్పుకోండన్నారు.

ఆఫీసు రెండో అంతస్తులో ఉంది. భూమయ్య చెప్పులు విడవబోతే కిష్టవ్వ కళ్లెర్రజేసింది. వరప్రసాద్ ఫ్యాను కింద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. ఆయన తాత యాభై ఆరులో తెనాలి నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టాడు. తండ్రిది సర్కారు ఉద్యోగం, ఈయనదీ సర్కారు ఉద్యోగమే. మూడు తరాలుగా ఎదుటి మనిషిని నిలబెట్టి మాట్లాడటం ఆ ఇంటి విద్య.

"మళ్ళీ వచ్చావా అమ్మా" అన్నాడు తలెత్తకుండానే. "చెరకు రవాణా ఈ పథకంలో లేదని అప్పుడే చెప్పానుగా."

"రవాణా ఉన్నదని మా ఊర్ల పెట్టిన పథకం బోర్డు మీద రాసి ఉన్నది గద సారూ."

"అది రోగుల రవాణా. నీ చెరకేమన్నా రోగా?"

"మీరు పంపిన వ్యాన్లు గట్లనే అనుకున్నయి. మాకు రోగమేం లేదు సార్. ఫ్యాక్టరీ మూత పడ్డది. ఆ పేరు జర సరిగ రాస్తే సరిపాయె."

వరప్రసాద్ ఫోన్ బోర్లా పెట్టి, చిన్నపిల్లకు లెక్కలు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు. "చూడమ్మా. పేరు మార్చాలంటే జీవో మార్చాలి. జీవో మార్చాలంటే అది తప్పని ఎవరో ఒకరు రాసివ్వాలి. ఎవరు రాస్తారు?"

"తప్పు చేసినోళ్లే రాయాలె."

పక్క టేబుల్ దగ్గర జూనియర్ అసిస్టెంట్ నళిని గబుక్కున తల వంచి నవ్వు ఆపుకుంది. ఆ పేరు ఎవరు పెట్టారో ఆమెకు తెలుసు. వరప్రసాద్‌కు ఇంకా బాగా తెలుసు. అందుకే ఆయనకు కోపం వచ్చింది. చదువు లేనివాళ్లతో వాదిస్తే తనకే బీపీ అని గొణిగి, పొమ్మన్నట్టు చెయ్యి ఊపాడు.

వాళ్లు మెట్లు దిగుతుండగా వెనకనుంచి నళిని పరుగెత్తుకొచ్చింది. "పెద్దమ్మా, జర ఆగున్రి. సార్ పిలుస్తున్నరు."

కథ మారింది. ఆ రోజే అబిడ్స్‌లో ఒక హాల్లో పథకం మొదటి ఏడాది సభ ఉంది. ఆసరా సంస్థ చైర్మన్ విజయేందర్ వస్తున్నాడు. టీవీలవాళ్లు వస్తున్నారు. స్టేజీ మీద కూర్చోబెట్టడానికి ఊరినుంచి తెప్పిస్తున్న లబ్ధిదారుల బస్సు దారిలో చెడిపోయిందని ఇప్పుడే ఫోన్ వచ్చింది. వరప్రసాద్ గొంతులో ఒక్కసారిగా తేనె కారింది.

"కూర్చో అమ్మా. మంచినీళ్లు తాగుతావా? మీరు షుగర్ బాధిత గ్రామం వాళ్లే కదా. అలా వచ్చి కూర్చుంటే చాలు. భోజనం కూడా ఉంది."

"చైర్మన్ సారుతోని మాట్లాడొచ్చునా?"

"ఆయనే మాట్లాడిస్తారు. మంచి మాటలు చెప్పాలి మరి."

పెద్దాయన చెవిన వేస్తే పని అవుతుందని కిష్టవ్వ అనుకుంది. కింది కుక్క మొరిగినా పై దొరకు బుద్ధి ఉంటుందని నమ్మే వయసు కాదు ఆమెది. అయినా రెండెకరాల చెరకు ఎండుతుంటే మనిషి దేన్నయినా నమ్ముతుంది.

ఆటోలో అబిడ్స్ చేరేసరికి హాలు నిండి ఉంది. బట్టల దుకాణాల ముందు జనం ఎంతమంది ఉన్నారో లోపల ఆఫీసు జనం అంతమంది ఉన్నారు. ఏసీ చల్లదనానికి భూమయ్య వణికాడు. స్టేజీ వెనక ఫ్లెక్సీ మీద చైర్మన్ బొమ్మ తాటిచెట్టంత ఉంది. దాని పక్కన ఒక వేలు, వేలు మీద రక్తపు చుక్క. చెరకు గడ ఒక్కటి లేదు.

తలుపు దగ్గరే నర్సు కూర్చుని ఇద్దరి వేళ్లూ గుచ్చింది. మిషన్ చూసి భూమయ్యతో, "మీకు బాగా ఎక్కువుంది. ఇన్ని రోజులు చూపించుకోలేదా?" అంది. భూమయ్యకు పొద్దున తిన్న బిస్కెట్లు గుర్తొచ్చాయి కాబోలు, పెదాలు తుడుచుకున్నాడు. అతని చేతిలో ఒక సంచీ పెట్టారు, అందులో మిషన్, మాత్రలు, కొర్రల పొట్లం.

"పెద్దమ్మకు నార్మల్. షుగర్ లేదు" అంది నర్సు వరప్రసాద్‌తో. "ఈమె పథకం కిందికి రాదు సార్."

కిష్టవ్వ నర్సును చూసింది, వరప్రసాద్‌ను చూసింది. ఫ్యాక్టరీ పోయింది, ఫ్యాక్టరీలోనే మొగుడు పోయాడు, చెరకు పోబోతోంది, అయినా తాను బాధితురాలు కాదట. ఆమెకు నవ్వొచ్చింది. ఆ వెనకే ఏడుపు కూడా వచ్చింది గానీ, వీళ్ల ముందు ఏడ్చేంత గతి తనకు పట్టలేదని మింగేసింది.

"ఫరవాలేదు, కూర్చోనివ్వండి" అన్నాడు వరప్రసాద్. "ఫొటోలో ఆడమనిషి ఉండాలి."

చైర్మన్ విజయేందర్ వచ్చాడు. తెల్ల బట్టలు, నల్ల కళ్లద్దాలు, చేతికి నాలుగు రంగుల దారాలు. గంటసేపు మాట్లాడాడు. నడిమెట్ల ఎక్కడుందో ఆయనకు తెలియదని మొదటి రెండు మాటల్లోనే తెలిసిపోయింది. ఏ దిక్కున ఉన్నదో పక్కవాణ్ణి అడిగి, మళ్లీ తప్పే చెప్పాడు. మాట్లాడి మాట్లాడి, మైకు పట్టుకుని కిష్టవ్వ దగ్గరికి వచ్చాడు. టీవీల లైట్లు ఆమె ముఖం మీద పడ్డాయి.

"చెప్పమ్మా. షుగర్ ఎన్నేండ్ల సంది ఉండె?"

ఎట్టకేలకు ఒకడు అడిగాడని కిష్టవ్వ పొంగిపోయింది. "మా అత్త కాలం నుంచి ఉండె సార్. నేను కాపురానికి వచ్చెటాళ్లకే ఉండె."

"విన్నరా, వంశపారంపర్యం" అని చైర్మన్ సభకు విడమరిచాడు. "ఇంట్ల ఇంకెవరికన్న ఉండెనా?"

"మా ఆయన పానం గండ్లనే పాయె సార్. ఊరు ఊరంత గదాని మీదనే బతికిన్రు."

"గదే నేను చెప్పేది. షుగర్ ఉన్నా మంచిగ బతకొచ్చు." చైర్మన్ గొంతు వణికించాడు. "మరి ఇప్పుడెట్లుంది తల్లీ?"

"ఇప్పుడేడిది సార్. పోయిన ఎండాకాలం మొత్తానికే పాయె. మీ సర్కారోళ్లు వచ్చి చూసుకుంట నిలవడ్డరు, మా కండ్ల ముంగటనే పాయె."

హాలంతా చప్పట్లు మోగాయి. ముందు వరసలో ఎవరో లేచి నిలబడ్డారు. చైర్మన్ ఆమె రెండు చేతులూ పట్టుకుని కెమెరాల వైపు తిరిగాడు. "మన సర్కారు పోయి నిలవడితే షుగర్ పోయిందంట. ఇంతకంటే ఏం కావాలె మనకు?"

కిష్టవ్వ చేతులు ఇంకా చైర్మన్ చేతుల్లోనే ఉన్నాయి. తాను తిట్టింది. వచ్చినన్ని మాటలతో, అందరి ముందూ, కడుపు మండి తిట్టింది. ఆ తిట్టు వీళ్ల చెవిలో పడేసరికి పూలదండ అయిపోయింది. చెవిటివాడి ముందు శంఖం ఊదడమే నయం, వాడు కనీసం చప్పట్లు కొట్టడు. ఏడాదిపాటు ఆమె వీళ్లను దొంగలనుకుంది, దుర్మార్గులనుకుంది. దొంగకైనా ఎదుటివాడి వస్తువు ఏమిటో తెలుస్తుంది. వీళ్లకు అది కూడా తెలియదు. ఇన్నాళ్లూ ఇలాంటివాళ్ల గుమ్మం ముందా తాను చేతులు కట్టుకుని నిలబడింది అనుకుంటే ఆమెకు తన మీద తనకే రోత పుట్టింది. ఆ రోతతో పాటు భయం కూడా పోయింది.

చైర్మన్ మైకు తీసుకుని వెళ్లబోతుంటే కిష్టవ్వ వదల్లేదు.

"కని సారూ, మొత్తానికి పోలేదు. జర మిగిలింది."

"ఏడ మిగిలిందమ్మా?"

"నా రెండెకరాల్ల. నిలువెత్తు చెరుకున్నది. మా మర్దికొక ఎకరం ఉన్నది. అండ్ల ఉన్నది మొత్తం షుగరే గద సార్. గది ఊర్లె ఉన్నన్ని దినాలు, మా ఊర్లె షుగర్ పోయిందని పైకి ఎట్ల చెప్పుకుంటం? మీరు దయతలిచి లారీలు పంపి, కోపిచ్చి, తీస్కపోయిన్రంటె ఊరు సాఫ్ అయితది."

భూమయ్య సంచీ జారవిడిచాడు. కింద కూర్చున్న వరప్రసాద్ సగం లేచి మళ్లీ కూర్చున్నాడు. చైర్మన్ మాత్రం ఆ మాటను నోట్లో చప్పరిస్తున్నట్టు కాసేపు కళ్లు మూసుకున్నాడు.

"షుగర్ లేని ఊరు" అన్నాడు. "దేశంలనే మొదటిది. ఏం వరప్రసాద్, ఇగ గింత మంచి ఆలోచన ఈ తల్లికి వచ్చింది, మీకెవ్వరికి రాలె. పొద్దుమూకకముందే ఆర్డర్ నా టేబుల్ మీద ఉండాలె. రేపటికెల్లి లారీలు పోవాలె."

మళ్లీ చప్పట్లు. ఏడాది తిరిగినా కదలని ఫైలు, చప్పట్లు ఆగేలోపు కదిలింది.

నాంపల్లి ఆఫీసుకు తిరిగి వచ్చాక వరప్రసాద్ చెబుతుంటే నళిని కంప్యూటర్‌లో కొట్టింది. నడిమెట్ల గ్రామంలో వ్యాధికారకమైన చెరకు పంటను ప్రభుత్వ ఖర్చుతో తొలగించి, తరలించి అని రాయించి, ఆయన ఆగాడు.

"తరలించి ఎక్కడ పడేయాలి? అది కూడా రాయాలిగా."

కిష్టవ్వ కొంగు సర్దుకుంది.

"ముత్తారంల ఫ్యాక్టరీ కాంట కాడ శానా జాగ ఉన్నది సార్. గాడ పారబోస్తె ఎవ్వలికి అడ్డముండది. మా పేర్లు చెప్పి పారబొయ్యమనున్రి, వాళ్లు ఎరుకున్నోళ్లే."

నళిని వేళ్లు ఆగాయి. ఆమె వరప్రసాద్ వైపు చూసింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఆయనకు అర్థమైందో లేదో చెప్పడం కష్టం. అర్థమైతే ఫైలు ఆపాలి, ఆపితే చైర్మన్ అడుగుతాడు, అడిగితే అసలా పేరు ఎవరు పెట్టారన్న దగ్గరికి పోతుంది. కాబట్టి అర్థం కాకపోవడమే ఆయనకు మేలు. ఆ విద్య ఆయనకు కొత్తేమీ కాదు.

"కొట్టమ్మా, ముత్తారం అని కొట్టు" అన్నాడు.

కాగితం బయటికి వచ్చింది. సంతకం చేస్తూ ఆయన ఇంకో కాగితం కిష్టవ్వ ముందుకు తోశాడు. "దీని మీద నువ్వూ, మీ మరిదీ వేలిముద్ర వేయాలి. ప్రభుత్వం అంత ఖర్చుపెట్టి తొలగిస్తోంది. మళ్లీ వేయబోమని హామీ ఉండాలి కదా."

"ఏం వెయ్యమని?"

నళిని చదివి వినిపించింది. ఆరోగ్య కారణాల రీత్యా ఇకపై తమ భూమిలో చెరకు పండించబోమని, పండిస్తే ప్రభుత్వం తీసుకునే చర్యకు బాధ్యులమని. చదవడం అయ్యాక ఆ అమ్మాయి మెల్లగా, "పెద్దమ్మా, ఇది లేకపోతే అది ఇయ్యరు" అంది. ఆమె కళ్లల్లోకి చూడలేకపోయింది.

కిష్టవ్వకు అత్త నేర్పిన పంట అది. ముక్క నాటేటప్పుడు మొలక వచ్చే కన్ను పక్కకు ఉండాలని, కిందికి పెట్టరాదని అత్త చెయ్యి పట్టుకుని నేర్పింది. ఆ ఇంటికి వచ్చాక ఆమె నేర్చుకున్న మొదటి పని అదే. ఆ చెయ్యితోనే ఇప్పుడు వెయ్యనని రాసివ్వాలి. అయినా చేలో నిలబడ్డది ఎండిపోతోంది, ముందు అది గట్టెక్కాలి. ఆమె నళిని చేతిలోంచి పెన్ను తీసుకుంది. వేలిముద్ర కాదు, గుండ్రటి అక్షరాలతో పేరు రాసింది. వరప్రసాద్ కనుబొమ్మలు ఎగరేశాడు.

"సంతకం వచ్చా నీకు?"

"చదువుడు గూడ వస్తది సారూ. మీ బోర్డు ఏడాది సంది చదువుతనే ఉన్న."

భూమయ్య వేలిముద్ర వేశాడు. ఇద్దరూ కాగితం పట్టుకుని బయటికొచ్చారు. సాయంత్రం ఎండలో నాంపల్లి రోడ్డు మీద బస్సులు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. భూమయ్య ఒక చేత్తో మందుల సంచీ, ఇంకో చేత్తో చెప్పులు పట్టుకుని నడుస్తున్నాడు. ఎప్పుడు విడిచాడో అతనికే తెలియదు. చెరకు బయటపడుతున్నందుకు నవ్వాలో, షుగర్ బయటపడినందుకు ఏడవాలో తేల్చుకోలేక, స్టేషన్ దగ్గర పడ్డాక నోరు విప్పాడు.

"గెలిచినం గాని వదినె, చెరుకు వెయ్యమని రాసిస్తిమి. వచ్చే యేడు ఏమేద్దం?"

కిష్టవ్వ ఆగింది. వెనక్కి తిరిగి ఆ రెండో అంతస్తు వైపు చూసింది.

"నువ్వు గీడనే ఉండు మర్దీ. నేను పోయి అడిగొస్త."

"ఏమని?"

"ఇంక ఏమేం రోగాలు ఎరుకనో. వాళ్లకు ఎరుకున్న రోగం పేరు ఏ పంటకున్నదో చూసి, గదే ఏద్దం."